కాళ్ళు వాస్తే గుండెకు పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. మా నాన్నగారికి 61 ఏళ్ళు, వ్యవసాయం. అయిదారేళ్ళుగా మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి. మందుల షాపులో ఇచ్చే నొప్పి బిళ్ళ రోజూ ఒకటి, పొలం పని ఎక్కువగా ఉన్న రోజు రెండు వేసుకుంటారు. నాలుగు నెలల నుంచి సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ఒంగోలు తీసుకువెళ్తే బీపీ 160/100 ఉందన్నారు. రక్తం, మూత్రం, ఈసీజీ, ఎకో, లివర్ పరీక్ష అన్నీ చేయించారు. క్రియాటినిన్ 1.8, హిమోగ్లోబిన్ 9.8, మూత్రంలో అల్బుమిన్ పోతోందట. నొప్పి బిళ్ళలు మానమని చెప్పి బీపీకి మందు రాశారు. "కాళ్ళు వాస్తే గుండెకు పరీక్ష ఏమిటి, డబ్బు లాగడానికి కాకపోతే" అంటూ నాన్న రెండోసారి వెళ్ళడానికి ఒప్పుకోవడం లేదు. ఆరు లీటర్ల నీళ్ళు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయని ఒకరు, నీళ్ళు తగ్గించమని ఇంకొకరు చెబుతున్నారు. మా అబ్బాయి పదో తరగతి. వాడి పుస్తకం తీసి చూశాను. జీర్ణక్రియ ఒక పాఠం, రక్తప్రసరణ ఒక పాఠం, విసర్జన ఒక పాఠం. అన్నీ చదివాను గాని, మా నాన్న ఏ పాఠంలో ఉన్నారో తెలియలేదు. అర్థమయ్యేలా చెప్పగలరా? — ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళు నెల్లూరులో వైద్యం చేశాను గాని, మొదటి నాలుగైదేళ్ళు నాదీ అదే అవస్థ. మేము చదువుకున్నప్పుడు కూడా గుండె ఒక పుస్తకం, కిడ్నీ ఒక పుస్తకం, ఎముకలు ఇంకో పుస్తకం. రోగి ఏ పుస్తకమూ చదివి రాడు కదా. కాళ్ళు వాచాయని వస్తాడు. తప్పు మాత్రం కాళ్ళలో ఉండదు.

ఉత్తరం చూసి రోగం పేరు చెప్పే ధైర్యం నాకు లేదు. అలా చెప్పేవారిని మీరూ నమ్మకండి. కాకపోతే మీరు రాసిన మోకాళ్ళు, బిళ్ళలు, బీపీ, ఆ మూడు అంకెలు, వాపు అన్నీ ఒకే దారానికి గుచ్చుకునే పూసల్లా ఉన్నాయి. ఆ దారం చూపిస్తాను. చూశాక, ఒంగోలులో చేయించిన పరీక్షల్లో అనవసరమైనది ఏదో మీరే చెప్పండి.

ఈ సాయంత్రం నాన్నగారిని మంచం మీద కూర్చోబెట్టండి. చీలమండకు నాలుగు వేళ్ళ పైన, ముందువైపు ఎముక మీద, బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి వెంటనే పూడకపోతే అక్కడ ఉన్నది నీరు. ఎక్కడి నుంచో వచ్చి చేరింది కాదు, రక్తంలోదే. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని రక్తనాళాలు ఒళ్ళంతా అల్లుకుని ఉంటాయి. వాటి గోడల్లోంచి నీరు ఎప్పుడూ బయటికి ఊరుతూనే ఉంటుంది. ఊరాలి కూడా. కణాలకు తిండి చేరేది ఆ ఊటతోనే. ఊరిన దానిలో ఎక్కువ భాగాన్ని రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీను తిరిగి లోపలికి లాగేస్తుంది. మిగిలిన రెండు మూడు లీటర్లను రోజూ శోషరస నాళాలు మోసుకుపోయి, మెడ కింద పెద్ద సిరల్లో కలిపేస్తాయి. ఊట, లాగుడు సమానంగా ఉన్నంతకాలం పాదం మామూలు పాదమే.

ఇప్పుడు లెక్క తప్పడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. గుండె బలహీనపడి, కాళ్ళ నుంచి వచ్చే రక్తాన్ని సరిగా అందుకోలేకపోతే సిరల్లో ఒత్తిడి పెరిగి ఊట ఎక్కువవుతుంది. అందుకే ఎకో, అంటే గుండె స్కాను. కిడ్నీ ఉప్పును, నీటిని బయటికి పంపకపోతే మొత్తం సరుకే పెరుగుతుంది. అందుకే క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూసే పరీక్ష. అల్బుమిన్‌ను తయారు చేసేది కాలేయం. అది చెడితే లాగే శక్తి తగ్గుతుంది. అందుకే లివర్ పరీక్ష. కాలేయం చక్కగా తయారు చేస్తున్నా కిడ్నీ జల్లెడకు చిల్లుపడి అల్బుమిన్ మూత్రంలో పోతుంటే ఫలితం అదే. అందుకే మూత్ర పరీక్ష. ఇవేమీ కాక కాళ్ళ సిరల్లో కవాటాలు పాడైనా, బోదకాలులో లాగా శోషరస నాళాలు మూసుకుపోయినా వాపు వస్తుంది. పాదం ఒకటే, దానికి అయిదారు దారులు. ఏ దారిలో వచ్చిందో చూడకుండా నీరు తగ్గే బిళ్ళ రాసి పంపిన డాక్టరు మీద మీ నాన్నగారు కోపగించుకుని ఉంటే నేనూ గొంతు కలిపేదాన్ని.

గుండె గురించి మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఒక లెక్క చెప్పండి. ఒంట్లో రక్తం అయిదు లీటర్లు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి తోడేది కూడా దాదాపు అయిదు లీటర్లే. అంటే ఉన్న రక్తమంతా నిమిషానికి ఒక చుట్టు వచ్చేస్తుంది. రోజు మొత్తానికి ఏడు వేల లీటర్లు. వేసవిలో మీ వైపు వీధుల్లోకి వచ్చే అయిదు వేల లీటర్ల నీళ్ళ ట్యాంకరు ఉంది చూడండి, అలాంటివి దాదాపు ఒకటిన్నర. పిడికిలంత కండ చేసే పని అది. ఇలాంటి లెక్క వేసే విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు 1628లో ఒక పెద్ద పొరపాటును సరిదిద్దాడు. అప్పటిదాకా రక్తం కాలేయంలో పుట్టి, ఒళ్ళంతా పారి, పొలంలో నీరు ఇంకినట్టు ఇంకిపోతుందని నమ్మేవారు. గుండె అరగంటలో తోడేదే ఒంట్లో ఉన్న రక్తం కంటే ఎక్కువ అయినప్పుడు, తిన్న తిండిలోంచి అంత రక్తం ఎప్పటికప్పుడు ఎలా పుడుతుందని ఆయన అడిగాడు. వెళ్ళిన రక్తమే తిరిగి రావాలి, వేరే దారి లేదు.

ఆయన చూపించిన పరీక్ష ఒకటి మీ ఇంట్లోనే చేయవచ్చు. సన్నగా, నరాలు తేలిన చెయ్యి కావాలి. మీ నాన్నగారి చెయ్యి సరిపోతుందనుకుంటాను. (మనం మాటల్లో నరాలు అంటాం గాని, పైకి కనిపించే ఆ నీలిగీతలు సిరలు. అసలు నరాలు కంటికి కనబడవు.) చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయమనండి. ముంజేతి మీద ఉబ్బిన సిర ఒకటి చూసి, మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి పట్టండి. ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు సిరను నిమరండి. నిమిరిన మేర సిర ఖాళీ అయి అణిగిపోతుంది. పైవేలు తీసేసినా నిండదు. పైనున్న రక్తం కిందికి రాకుండా మధ్యలో కవాటం మూసుకుని ఉంటుంది. కిందివేలు తీయండి, గభాలున నిండుతుంది. సిరల్లో ప్రయాణం గుండె వైపు మాత్రమే. ఒకసారి ఆసుపత్రి బల్ల మీద ఒక రైతుకు ఇది చూపిస్తే, "తూముకు తలుపు పెట్టినట్టుందే" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

కాళ్ళలో ఈ కవాటాల అవసరం ఇంకా ఎక్కువ. పాదం నుంచి గుండె దాకా ఎత్తు ఎక్కాలి కదా. నడిచినప్పుడల్లా పిక్క కండ సిరను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. కవాటం దాన్ని కిందికి జారనివ్వదు. రోజంతా కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్క పని చేయదు, సాయంత్రానికి చెప్పు బిగుతవుతుంది. బస్సులో హైదరాబాదు దాకా కూర్చుని వెళ్ళిన వారందరికీ ఇది తెలిసిన సంగతే. మీ నాన్నగారి వాపులో ఈ వాటా కూడా కొంత ఉండవచ్చు, మోకాళ్ళ నొప్పితో నడక తగ్గింది కాబట్టి.

అబ్బాయి అడిగితే ఊపిరితిత్తుల మాట కూడా చెప్పండి. కాలి నుంచి వచ్చిన రక్తం గుండె కుడివైపు చేరి, ముందు అక్కడికే వెళ్ళాలి. అక్కడ ముప్ఫై కోట్లకు తక్కువ కాకుండా గాలి తిత్తులుంటాయి. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే సెంటున్నర స్థలం దాటుతుంది. అంత జాగా రొమ్ములో మడతపెట్టి ఉంది. రక్తం అక్కడ బొగ్గుపులుసు వాయువు వదిలి, ఆమ్లజని ఎక్కించుకుని, గుండె ఎడమవైపుకు వచ్చి మళ్ళీ ప్రయాణం మొదలుపెడుతుంది. పొద్దున తిన్న అన్నం చిన్నపేగులో చక్కెరగా మారి, కాలేయం దగ్గర సుంకం కట్టి, ఇదే రక్తంలోకి ఎక్కుతుంది. పిక్క కండలో ఆ చక్కెరా ఈ ఆమ్లజనీ కలిస్తేనే అడుగు పడేది. అబ్బాయి పుస్తకంలోని జీర్ణక్రియ, రక్తప్రసరణ పాఠాలు రెండూ ఒక్క అడుగులోనే అయిపోయాయి.

కిడ్నీ దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. మీ నాన్నగారి కథంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

రెండు కిడ్నీలు కలిపి తూస్తే మూడు వందల గ్రాములు. ఒంటి బరువులో నూటికి దాదాపు అర వంతు. కాని గుండె తోడే రక్తంలో అయిదో వంతు వాటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా జల్లెడలుంటాయి. అన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడకడతాయి. మీ ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు తొమ్మిదిని వరసగా పెట్టి చూడండి, అంత. అందులోంచి ఎనిమిది క్యాన్లు, తొమ్మిదో దానిలో కూడా పద్దెనిమిదిన్నర లీటర్లు మళ్ళీ రక్తంలోకే లాగేసుకుని, చివరికి లీటరున్నర మాత్రం మూత్రంగా వదులుతాయి. ఉప్పు, చక్కెర, నీరు ఎంత ఉంచాలో అంత ఉంచి, అక్కరలేనివి పంపేస్తాయి.

వడకట్టాలంటే జల్లెడకు రక్తం తగిన ఒత్తిడితో రావాలి. జల్లెడ ముందున్న సన్న నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని ఒంట్లో తయారవుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు అని వాటి పేరు. విచిత్రం ఏమిటంటే, మోకాలి కీలులో నొప్పి, వాపు పుట్టించేవీ ఈ జాతివే. పొట్ట లోపలి పొరను ఆమ్లం తినేయకుండా కాపాడేవి కూడా వీటిలో ఉన్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళ వేసుకుంటే, అది మోకాలి దగ్గరే ఆగుతుందా? రక్తంలో కలిసి నిమిషానికో చుట్టు తిరుగుతుంది. మోకాలిలో నొప్పి తగ్గిస్తుంది, నిజమే. అదే చేత్తో కిడ్నీ ముందు తూము కొంత దించుతుంది, పొట్టలో కాపలా తీసేస్తుంది. నాలుగు రోజులు వాడితే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ తట్టుకుంటుంది. అయిదారేళ్ళు రోజూ వేసుకుని, మే నెల ఎండలో చెమటతో ఒంట్లో నీరు తగ్గి ఉండగా రెండో బిళ్ళ వేసుకుంటే ఏమవుతుంది? కాలువలో నీళ్ళే తక్కువ, పైగా తూము దించారు. చివరి ఆయకట్టు సంగతి మీ నాన్నగారికి నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడి నుంచి దారం చకచకా సాగుతుంది. తనకు రక్తం తగ్గిందని కిడ్నీకి తోస్తే, అది ఒంట్లోనే నీరు తక్కువైందని అనుకుంటుంది. దానికి కళ్ళు లేవు కదా, తన ముందు కాలువ ఒక్కటే తెలుసు. రెనిన్ అనే రసాయనం వదులుతుంది. దానితో ఒళ్ళంతా నాళాలు బిగుస్తాయి, కిడ్నీల నెత్తిన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు "ఉప్పు వదలకండి" అని కబురు పంపుతాయి. ఉప్పు ఆగితే నీరు ఆగుతుంది. బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీ కిడ్నీ జల్లెడలను ఇంకా చింపుతుంది, చిల్లుల్లోంచి అల్బుమిన్ పోతుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా తోడి తోడి గుండె కండ దళసరి అవుతుంది. ఎకోలో చూసేది అదే. మీ నాన్నగారు అడిగిన ప్రశ్నకు ఇదే నా సమాధానం: మోకాలికి వేసుకున్న బిళ్ళ గుండె దాకా వెళ్ళి ఉంటుందేమోనని చూశారు.

హిమోగ్లోబిన్ 9.8 కూడా ఈ దారానిదే కావచ్చు. ఎర్ర రక్తకణం బతికేది 120 రోజులు. కొత్తవి తయారు చేయమని ఎముకల మూలుగకు ఉత్తర్వు పంపేది కిడ్నీయే. అది నీరసిస్తే ఉత్తర్వులు తగ్గుతాయి. ఇంకో దారి కూడా ఉంది. కాపలా లేని పొట్టలో పుండు పడి, కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉండవచ్చు. మీ నాన్నగారిని మొహమాటం లేకుండా అడగండి, విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతోందా అని. మగవారు ఈ సంగతి కూతురికి చెప్పరు, అల్లుడి చేత అడిగించినా సరే. అవునంటే డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.

అసలు మోకాళ్ళు, నడుము ఎందుకు నొప్పి? అరవై దాటిన రైతుకు కీళ్ళ అరుగుదల మామూలే. అయినా మీరు పొదిలి అని రాశారు కాబట్టి ఇంకో మాట అడగకుండా ఉండలేను. మీ ప్రాంతం 1970లో కొత్త జిల్లా ఏర్పడే దాకా నెల్లూరు జిల్లాలోదే. తాగే నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు మన దేశంలో మనుషుల్లో ఉందని మొదట వైద్య పత్రికలకెక్కింది 1937లో, ఆనాటి ఆ నెల్లూరు జిల్లా నుంచే. మా అమ్మమ్మగారిది కనిగిరి వైపు. మా తాతయ్య మెడ ఎత్తలేకపోయేవారు, నడుము వంగేది కాదు. ఆకాశంలో విమానం పోతుంటే మేము పిల్లలం అరిచేవాళ్ళం. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, అప్పుడు చూసేవారు. ముసలితనం అనుకున్నాం. అప్పటికి ఆయనకు యాభై అయిదు.

ఎముక రాయి కాదు. రోజూ కొంత కరిగి, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 పాళ్ళు దాచుకునే గాదె అది. నరాలు పలకడానికి, గుండె కొట్టుకోవడానికి రక్తంలో కాల్షియం ఒక లెక్కలో ఉండాలి. తగ్గితే మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు పసిగట్టి గాదెలోంచి తీయిస్తాయి. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే, ఆ కట్టుబడిలో అదీ చేరి ఎముక దళసరై, పెళుసై, కీళ్ళ చుట్టూ ఉన్న కండర బంధాలు కూడా గట్టిపడతాయి. ఒంట్లోంచి ఫ్లోరైడును బయటికి పంపే ముఖ్యమైన దారి ఏది? కిడ్నీయే. ఎండ తగిలి చర్మంలో తయారైన విటమిన్ డి ని ఎముకకు పనికొచ్చేలా చివరి మెరుగు పెట్టేదీ కిడ్నీయే. అంటే మోకాలి నొప్పికని వేసుకున్న బిళ్ళ, కిడ్నీని దెబ్బతీసి, తిరిగి ఆ ఎముకకే కీడు చేసే అవకాశం ఉంది.

మీ నాన్నగారి పళ్ళు చూడండి. చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలు ఉంటే, పళ్ళు తయారవుతున్న వయసులో ఫ్లోరైడు నీళ్ళు తాగారని ఒక గుర్తు. మీ అబ్బాయి పళ్ళు కూడా చూడండి. బోరు నీరు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో చేస్తారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. కాచి తాగుతున్నాం కదా అనుకోకండి. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. క్యాను నీళ్ళు తాగుతూ బోరు నీళ్ళతో అన్నం, పప్పు వండే ఇళ్ళు చాలా చూశాను. అన్నం ఉడికేటప్పుడు ఆ నీరంతా మెతుకులోకే వెళ్తుంది. వంటకు కూడా మంచినీళ్ళే వాడండి.

ఇక మీరు అడిగిన నీళ్ళ తగువు. ఆరు లీటర్లు తాగితే కిడ్నీ కడుక్కుపోతుందన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అదేమన్నా వీధి కాలువా, బిందెలతో కొట్టి కడగడానికి? అప్పటికే రోజుకు 180 లీటర్లు దానిలోంచి పోతున్నాయి. కాళ్ళలో నీరు నిలిచిన మనిషికి ఆరు లీటర్లు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి కూడా చేరవచ్చు. అలాగని ఎండాకాలంలో గొంతు ఎండగట్టుకోవడమూ తప్పే, కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది. ఎకో బాగుండి మూత్రం మామూలుగా వస్తుంటే, దాహానికి సరిపడా తాగడమే మామూలు పద్ధతి. మీ నాన్నగారి విషయంలో లీటర్ల లెక్క ఆ ఎకో కాగితం, వాపు చూసిన డాక్టరు చెప్పాలి. నాలుగు ముక్కల ఉత్తరం చూసి నేను చెప్పకూడదు.

నీళ్ళ కంటే ముందు ఉప్పు. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, అన్నీ కలిపి. "మా నాన్న కూరలో ఉప్పు తక్కువే వేసుకుంటారు" అని రాస్తారని తెలుసు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, ఎండుచేప లెక్కలోకి రావా? సైంధవ లవణం కూడా ఉప్పే. మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు మాత్రం అసలు తేకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, నీరసించిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. రోజూ కొబ్బరి నీళ్ళు తాగించే ఉద్దేశం ఉంటే అదీ ఇందుకే డాక్టరును అడిగాకే.

నొప్పి సంగతి. బిళ్ళ మానేస్తే ఎలా నడుస్తారని మీరు పైకి అడగలేదు గాని, ఇంట్లో గొడవంతా అక్కడే ఉండి ఉంటుంది. పారాసిటమాల్ కిడ్నీకి ఆ బిళ్ళలంత చేటు చేయదు, ఎంత మోతాదో డాక్టరు చెప్పినంతే. వేడి నీళ్ళ కాపడం మేలే. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నేలకు సమాంతరంగా ఎత్తి, అయిదు లెక్కపెట్టి దించడం, పూటకు పదిసార్లు. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. చేతికర్ర వాడితే నొప్పి ఎక్కువున్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు. ఎత్తుగా కూర్చునే మరుగుదొడ్డి కుర్చీ ఒకటి కొనండి, అది పది బిళ్ళల పెట్టు. ఊళ్ళో ఎవరో ఇచ్చే పేరులేని పొడులు, పొట్లాలు వద్దు. వాటిలో స్టెరాయిడ్లు, లోహాలు కలిసి ఉండడం కొత్త కాదు. మూడు రోజుల్లో మోకాలు అద్భుతంగా కదిలితే అప్పుడే అనుమానించాలి.

బీపీ మందు బీపీ తగ్గిందని ఆపకూడదు. తగ్గింది మందు వల్లే. అందులో ఆమ్లోడిపిన్ ఉంటే, దానికదే కొందరికి పాదాల వాపు తెస్తుంది. వాపు పెరిగినట్టు అనిపిస్తే మందు మానకుండా, ఆ మాట డాక్టరుతో చెప్పండి, మారుస్తారు. మంచం మీది నుంచి ఒక్కసారిగా లేవనివ్వకండి. మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి దిగుతుంది. మెడలోని ధమని గోడలో ఉన్న నరాల కొసలు అది పసిగట్టి మెదడుకు చెబుతాయి. మెదడు గుండెను తొందరపెట్టి, నాళాలను బిగిస్తుంది. కొన్ని సెకన్లలో జరిగిపోయే ఈ పని, కొత్తగా బీపీ మందు వేసుకునే వారికి కొంచెం ఆలస్యమవుతుంది, కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తర్వాత లేవమనండి.

మూత్రం బాగా తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నా, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, మాట తడబాటు ఏది కనిపించినా తేదీ కోసం ఆగకండి, ఆ రాత్రే బయలుదేరండి.

క్రియాటినిన్ 1.8 చూసి ఇప్పుడే డయాలసిస్ అనుకుని ఏడవకండి. కిడ్నీ పని సగం దాకా తగ్గితే తప్ప ఆ అంకె పెద్దగా పెరగదు, అందుకని తేలిగ్గానూ తీసుకోకండి. నొప్పి బిళ్ళ ఆపి, బీపీ అదుపులోకి వచ్చాక కొంత తగ్గే అవకాశం ఉంది. ఎంత తగ్గిందో తెలియాలంటే మళ్ళీ చూడాలి. జబ్బు దీర్ఘకాలపుదని తేల్చడానికి మూడు నెలల ఎడం కావాలి. రెండోసారి రమ్మన్నది అందుకే.

వెళ్ళేటప్పుడు ఆయన వాడిన పాత బిళ్ళల అట్టలన్నీ, చొక్కా జేబులోవీ, పొలం దగ్గర పాకలో చూరులో దోపినవీ వెతికి, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. పేరు గుర్తులేకపోయినా అట్ట చెబుతుంది. నీటి పరీక్షలో ఎంత వచ్చిందో నాకు ఒక ముక్క రాయండి.